మాడ్‌లో ఏ ముక్క ఏఐది? ఒక గ్రూపు అడ్మిన్ ప్రశ్నకు జవాబు

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే బండ్లు నడిపే ఆటలకు మాడ్‌లు, అంటే ఆటకు పైనుంచి తగిలించే మన ఆర్టీసీ బస్సుల లివరీలు (బస్సు మీది రంగులు, బొమ్మలు), హారన్లు, రూట్ బోర్డులు చేసే పోరగాళ్ల టెలిగ్రామ్ గ్రూపు ఒకటి నడుపుతున్నం. నలుగురం అడ్మిన్లం. ఈ మధ్య రోజూ లొల్లే. ఒక తమ్ముడు పల్లెవెలుగు లివరీ పెడితే, ఇంకొకడు దాన్ని ఏదో ఏఐ డిటెక్టర్‌ల ఏసి ‘87 శాతం ఏఐ’ అని స్క్రీన్‌షాట్ పెట్టిండు. మేం లివరీ తీసేసి ఆ తమ్ముణ్ని బయటికి పంపినం. తర్వాత తెలిసింది, అది మూడు రాత్రులు కూసోని చేత్తోనే గీసిండట. ఇంకొకతను ఒక టీవీ యాంకర్ గొంతును ఏఐతో క్లోన్ చేసి, అంటే నకలు తీసి, కండక్టర్ అనౌన్స్‌మెంట్ మాడ్ పెట్టిండు. మూడో అతను రోజుకు ఐదారు ఏఐ మాడ్‌లు కుమ్మరిస్తున్నడు. ఏఐని మొత్తానికే బంద్ పెట్టాల్నా? పెడితే పట్టుకునుడు ఎట్ల? ఏఐ అని లేబుల్ పెట్టాలంటే ఏమని రాయమనాలె?
— ఒక అడ్మిన్, హనుమకొండ

జవాబు: తమ్మీ, బంద్ పెట్టకు. బంద్ పెడితే వాడేవాళ్లు వాడుతూనే ఉంటారు, చెప్పడం మాత్రం మానేస్తారు. పైగా హద్దు ఎక్కడ పెడతావు? పాత ఫొటోలోని ఆర్టీసీ గుర్తును అప్‌స్కేలర్‌తో పెద్దది చేసినవాడు, ఇండోనేషియా భాషలో ఉన్న రీడ్‌మీని (మాడ్ ఎలా వాడాలో చెప్పే కాగితాన్ని) తెలుగులోకి మార్పించుకున్నవాడు, ఒక్క వాక్యం కొట్టి మొత్తం లివరీని పుట్టించినవాడు, ముగ్గురూ ఏఐ వాడినవాళ్లే. ముగ్గురినీ ఒకే గాటన కడితే మొదటి ఇద్దరూ ఊరికే దెబ్బతింటారు.

నీ ఉత్తరంలో ఉన్నవి మూడు వేరువేరు పంచాయితీలు. మొదటిది తప్పుడు నింద. రెండోది ఒక మనిషి గొంతును అడక్కుండా వాడుకోవడం. మూడోది ఉత్త వరద. ఆ మాడ్‌లు చేత్తో చేసినవైనా రోజుకు ఆరు పెడితే గ్రూపు మునిగేదే. మూడింటికీ ‘ఏఐ’ అని ఒకటే పేరు పెట్టుకోవడంతో కిరికిరి మొదలైంది.

ముందు లేబుల్ సంగతి. ‘ఏఐ వాడారా? అవును, కాదు’ అనే ప్రశ్న తీసెయ్యండి. ఏ ముక్క ఏఐది, ఏ పనిముట్టుతో, దాని మీద చేత్తో చేసిందేమిటి, ఇవి అడగండి. మాడ్‌లో ముక్కలంటే మీ గ్రూపు వరకు ఐదు: లివరీ బొమ్మ, త్రీడీ మోడల్, శబ్దం, స్క్రిప్టు (కోడు), ప్రివ్యూ (మాడ్ ఎలా ఉంటుందో ముందే చూపే బొమ్మ). పోస్టు మొదట్లో ఇలా ఉంటే చాలు:

‘పల్లెవెలుగు, పరకాల–హనుమకొండ. బొమ్మ: రంగులు, చారలు, అక్షరాలు చేత్తో, ఐబిస్ పెయింట్‌లో. వెనక తుప్పు మరకలు ఏఐ, స్టేబుల్ డిఫ్యూజన్; మీద చేత్తో దిద్దాను. మోడల్: నాది కాదు, అనుమతి తీసుకున్నాను. శబ్దం, స్క్రిప్టు: లేవు. ప్రివ్యూ: ఆటలోంచి తీసినవే.’

ఐబిస్ పెయింట్ అంటే బొమ్మలు గీసే యాప్, స్టేబుల్ డిఫ్యూజన్ అంటే బొమ్మలు పుట్టించే ఏఐ. ఇది చదివినవాడికి తుప్పు మరకలు ఏఐవని తెలుస్తుంది, మిగతా పని ఎవరిదో కూడా తెలుస్తుంది. ఏఐని కొంచెమే వాడినవాడికి దాచుకోవాల్సిన అవసరం ఉండదు. అదే మాడ్ నెత్తిన ‘ఏఐ’ అని ఒక్క ముద్ర కొడితే అతను చేత్తో చేసిన పనీ ఆ ముద్ర కిందికే పోతుంది. రెండోసారి నిజం చెప్పడు.

లేబుల్ అక్కర్లేనివి ఏమిటో కూడా నియమాల్లోనే రాసి పెట్టండి: రంగు సరిచేయడం, క్రాప్ చేయడం, శబ్దంలో గాలి హోరు తగ్గించడం, రీడ్‌మీలో అక్షర దోషాలు దిద్దించడం, అనువాదం. కేంద్ర ప్రభుత్వం ఐటీ నియమాలకు తెచ్చి 2026 ఫిబ్రవరి 20 నుంచి అమలు చేసిన సవరణలోనూ ఇలాంటి మామూలు దిద్దుబాట్లను కృత్రిమ కంటెంట్ లెక్కలోంచి మినహాయించారు. 2025 అక్టోబరు ముసాయిదాలో లేబుల్ బొమ్మలో 10 శాతం జాగా ఆక్రమించాలన్నారు గానీ, తుది నియమాల్లో ఆ కొలత తీసేసి, స్పష్టంగా కనిపించాలని మాత్రం ఉంచారు. లివరీ మీదే లేబుల్ అచ్చేయాలని గ్రూపులో ఎవరన్నా పట్టుబడితే ఈ ముక్క చెప్పు. బస్సు పక్కన ‘ఏఐ’ అని రాసుకుని ఎవరు నడుపుతారు?

మరి లేబుల్ ఎక్కడుండాలి? టెలిగ్రామ్ పోస్టులో మాత్రమే ఉంటే ఒక్క ఫార్వర్డ్‌తో పోతుంది. మీ మాడ్‌లను ఎత్తుకెళ్లి వేరే ఛానెళ్లలో పెట్టేవాళ్లు ముందు కత్తిరించేది వివరణనే. యూరో ట్రక్ మాడ్‌కు సులువు: ఆ మాడ్ వచ్చే ఎస్‌సీఎస్ ఫైలంటే దాదాపు జిప్ లాంటిదే, లోపల మానిఫెస్ట్ ఫైలు చూపించే వివరణ టెక్స్ట్ ఫైలు ఒకటుంటుంది. లేబుల్‌ను అందులో మొదటి వరుసగా పెడితే, మాడ్ ఎవరి ఫోల్డర్‌లోకి వెళ్లినా ఆటలోని మాడ్ మేనేజర్‌లో కనిపిస్తుంది. మాడ్ ఐకాన్ 276 బై 162 పిక్సెళ్ల జేపెగ్. మూలన చిన్న గుర్తు పడుతుంది గానీ వాక్యం పట్టదు, దాని జోలికి పోవద్దు. బస్ సిమ్యులేటర్ లివరీ ఒట్టి పీఎన్‌జీ బొమ్మ కాబట్టి ఫైలు పేరులోనే చివర ‘ఏఐ బొమ్మ’ అనో ‘ఏఐ కొంత’ అనో చేర్పించండి. పేరు మార్చేవాడు మారుస్తాడు, నిజమే. కానీ మార్చకుండా ఎత్తుకెళ్లేవాళ్లే ఎక్కువ.

ప్రివ్యూ బొమ్మ దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. డౌన్‌లోడ్ చేసినవాడు నిజంగా మోసపోయేది ఇక్కడే. వేయిస్తంభాల గుడి ముందు వానలో తడుస్తూ లైట్లు వేసుకుని నిలబడ్డ సూపర్ లగ్జరీ బస్సు బొమ్మ చూసి ఫైలు దించుకుంటాడు. ఆట తెరిస్తే గుడి లేదు, వాన లేదు, ఆ అద్దం మీది మెరుపూ లేదు. మొదటి బొమ్మ, దాంతోపాటు కనీసం ఇంకొకటి, ఆటలోంచి తీసిన స్క్రీన్‌షాట్లే అయి ఉండాలి. ముందు వైపు ఒకటి, పక్కనుంచి ఒకటి. ఏఐ పోస్టర్ కావాలంటే ఆ తర్వాత పెట్టుకోనీ.

ఇక పట్టుకోవడం. డిటెక్టర్ శాతాన్ని ఆధారంగా ఒప్పుకోమని ఇవాళే నియమం రాయండి. ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో ఇంగ్లిష్ రాతలకు తానే ఒక డిటెక్టర్ తెచ్చింది. వాళ్లు ప్రకటించిన లెక్కే ఇది: ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాతలంది. ఆరు నెలలకే, జులైలో, కచ్చితత్వం చాలదని మూసేశారు. బొమ్మల డిటెక్టర్లు వేరే రకమే అనుకో. కానీ లివరీ లాంటిదాన్ని చూసి అవి ఎందుకు తడబడతాయో ఆలోచించు: చదునైన రంగు పట్టీలు, నునుపైన గ్రేడియంట్లు, కెమెరా గరుకు ఏ మాత్రం లేని అంచులు. ఫొటో కాదు కాబట్టి ఫొటో లక్షణాలు ఉండవు. ఆ తమ్ముడి పల్లెవెలుగుకు 87 ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు, ఆ సంఖ్య చూపించిన సైటు కూడా కారణం చెప్పదు. కారణం చెప్పలేని ఆధారంతో మనిషిని బయటికి పంపకూడదు.

ఫైలు లోపలి సమాచారం చూడడం మేలు, దానికీ హద్దుంది. స్టేబుల్ డిఫ్యూజన్‌ను ఆటోమేటిక్1111 వెబ్‌యూఐ అనే సాధనంలో నడిపితే, కొట్టిన ప్రాంప్టు (ఏం గీయాలో చెప్పిన వాక్యం), మిగతా సెట్టింగులు అన్నీ పీఎన్‌జీలోనే ‘పారామీటర్స్’ పేరుతో రాసి పెడుతుంది. అలాంటిదే ఇంకో సాధనం కంఫీయూఐ ఏకంగా మొత్తం వర్క్‌ఫ్లోనే, అంటే బొమ్మ చేసిన తీరునంతా, దాచిపెడుతుంది. ఫైలు లోపలి సమాచారం చూపే ఎగ్జిఫ్‌టూల్‌తో తెరిస్తే కనిపిస్తాయి. కొన్ని పెద్ద కంపెనీల బొమ్మల్లో బొమ్మ ఎక్కడ, ఎలా తయారైందో చెప్పే సీటూపీఏ అనే డిజిటల్ సంతకం చేసిన సమాచారం ఉంటుంది. ఇవి దొరికితే బలమైన ఆధారమే. దొరకకపోతే మాత్రం ఏమీ రుజువైనట్టు కాదు: స్క్రీన్‌షాట్ తీసినా, టెలిగ్రామ్‌లో ఫొటోగా పంపినా, ఆటలు వాడే డీడీఎస్ రకం ఫైలులోకి మార్చినా అంతా రాలిపోతుంది. అందుకే లివరీలను ఫొటోగా తీసుకోవద్దు, ‘ఫైల్’గానే పంపమనండి. దాంతో నాణ్యత కూడా తగ్గదు.

కళ్లతో చూడదగ్గది ఒకటుంది, అందులో మనకు ఒక సౌకర్యం: తెలుగు అక్షరాలు. బొమ్మలు పుట్టించే మోడళ్లు ఇంగ్లిష్ బోర్డును ఇప్పుడు బాగానే రాస్తున్నాయి గానీ తెలుగు దగ్గర కొన్ని ఇంకా తడబడతాయి. రూట్ బోర్డును 400 శాతం పెద్దది చేసి చూడు. ‘భూపాలపల్లి’లో భ కింద ఒత్తు గీత పోయి బ అవుతుంది, ‘ల్లి’ కింది లావత్తు ఒట్టి కొక్కెంలా వేలాడుతుంది, ‘సిద్దిపేట’లో దావత్తు ఏ అక్షరమూ కాని సున్నాగా మారుతుంది. అక్షరంలాగే ఉంటుంది, చదవబోతే నోరు తిరగదు. నంబరు ప్లేటు కూడా చూడు: ఆర్టీసీ సొంత బండి నంబరులో జడ్ అక్షరం సిరీస్ ఉండాలి, ఏఐ తోచిన అక్షరం పెట్టేస్తుంది. కానీ కుడి పక్క చార వెనక మూలకు వచ్చేసరికి నాలుగైదు పిక్సెళ్లు పైకి జరిగిందనుకో, దాన్ని చూసి ఏఐ అని తేల్చకు. లివరీ గీసే ఖాళీ నమూనా (టెంప్లేట్)లో పక్క భాగం, వెనక భాగం విడివిడి ముక్కలుగా ఉంటాయి. కొత్తగా నేర్చుకునే ఎవరి చార అయినా అక్కడ తప్పుతుంది.

అప్‌స్కేలింగ్‌లోనూ ఇదే గొడవ. 2021 నవంబరులో వచ్చిన జీటీఏ ట్రిలజీ అనే మూడు ఆటల కొత్త ముద్రణలో పాత టెక్స్చర్లను (గోడలు, బోర్డుల మీద అతికే బొమ్మలను) మెషీన్ లెర్నింగ్‌తో పెద్దవి చేస్తే, దుకాణాల బోర్డుల మీద అక్షర దోషాలు బయటపడ్డాయి. అంత పెద్ద ఆటలోనే అలా అయింది. మీవాళ్లకు చెప్పండి: బొమ్మను అప్‌స్కేల్ చేసుకోండి, అక్షరాలు మాత్రం అందులోంచి చెరిపేసి మళ్లీ టైపు చేయండి. రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంటు పిక్సెల్‌ల్యాబ్ యాప్‌లో వేసుకుంటే ఐదు నిమిషాల పని.

అన్నిటికంటే నమ్మదగ్గ ఆధారం పని ఫైలు. ఫొటోషాప్ అయితే లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు) ఉన్న పీఎస్‌డీ ఫైలు. పిక్సెల్‌ల్యాబ్ అయితే ప్రాజెక్టు ఫైలు. ఐబిస్ పెయింట్ అయితే మరీ సులువు, గీసినదంతా అదే రికార్డు చేసుకుంటుంది, టైమ్‌ల్యాప్స్ వీడియో బయటికి తీయొచ్చు. ఇప్పటినుంచి లివరీ పెట్టేవాళ్లంతా పని ఫైలు దాచుకోవాలని ముందే చెప్పండి. గ్రూపులో పెట్టనక్కర్లేదు, అడిగినప్పుడు అడ్మిన్‌కు లేయర్ల స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలు. పని ఫైలునే గ్రూపులో పెట్టమంటే ఎవరూ పెట్టరు, పెట్టకూడదు కూడా, మర్నాడే దొంగిలిస్తారు.

దొంగతనం అన్నాం కాబట్టి ఒక మాట. ఇంకొకరి లివరీని ఏఐలో వేసి, కొద్దిగా మార్చి ‘కొత్తది’గా తెచ్చేవాళ్లు ఉంటారు. లేబుల్ పెట్టినంత మాత్రాన అది సొంతదైపోదు. అనుమానం వస్తే రెండు బొమ్మలనూ ఒకే సైజుకు తెచ్చి, పైదాన్ని 50 శాతం పారదర్శకం చేసి చూడండి. గీతలు, కిటికీ కింది మడతలు, అసలువాడు మూలన పెట్టిన సంతకం నీడ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఇంకేం కావాలి?

గొంతు విషయంలో మాత్రం లేబుల్ సరిపోదు. బతికున్న మనిషి గొంతును క్లోన్ చేస్తే ఆ మనిషి రాతపూర్వక అనుమతి ఉండాలి. లేకపోతే మాడ్ తీసెయ్యాలి, అంతే. 2023లో స్కైరిమ్ అనే ఆట మాడ్‌లలో నటుల గొంతులను క్లోన్ చేసి వాళ్లతో అశ్లీలం మాట్లాడించారు, ఆ నటులు బహిరంగంగా మొరపెట్టుకున్నారు. మన దేశంలో 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరించే సాధనాల మీద ఆయనకు రక్షణ ఇచ్చింది. ‘కండక్టర్ మాటలే కదా, తప్పేముంది’ అంటాడు మీ అబ్బాయి. ఆ ఫైలు గ్రూపులోంచి బయటికి పోయాక ఆ గొంతుతో రేపు ఎవరు ఏం పలికిస్తారో అతని చేతిలో ఉండదు కదా. అనుమతి కాగితంలో ఎవరి గొంతు, ఏ మాడ్‌కు, ఏ వాక్యాలు, వద్దన్నప్పుడు తీసేస్తామన్న మాట, ఈ నాలుగూ ఉండాలి.

అసలు ఆ మాడ్‌కు క్లోన్ ఎందుకు? ‘ఎక్కాలె ఎక్కాలె, హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, కరీంనగర్’ అని ఏఐ గొంతుతో పలికించి చూడు, ‘ఎల్కతుర్తి’ దగ్గరే దొరికిపోతుంది. ఆ సాగదీత, చివర ‘రైట్ రైట్’ మీద పడే దెబ్బ దానికి రావు. మీలో ఎవరైనా బట్టలు నిండిన బీరువా తలుపు తెరిచి, ఫోను జానెడు దూరంలో పెట్టి, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు జరిపి మాట్లాడితే చాలు. ఒక్కో ఊరు పేరు విడిగా, మూడేసి సార్లు, మోనో, 44.1 కిలోహెర్ట్జ్. బస్టాండులో రికార్డు చేస్తే పక్కవాళ్ల మాటలూ పడతాయి, అది ఇంకో తలనొప్పి.

మోడళ్లు, స్క్రిప్టుల గురించి క్లుప్తంగా. ఫొటో ఇచ్చి ఏఐతో పుట్టించిన త్రీడీ మోడల్ దూరం నుంచి బాగుంటుంది. వరంగల్ కోటలోని కీర్తితోరణాన్ని అలా చేయిస్తే హంసలు ముద్దలవుతాయి, వెనక వైపు ఊహించి నింపుతుంది, మోడల్‌ను అల్లే త్రిభుజాలు లక్షల్లోకి పోతాయి, ఫోనులో ఆట కదలదు. పోస్టులో వైర్‌ఫ్రేమ్ (ఆ అల్లికను గీతలుగా చూపే) బొమ్మ ఒకటి, త్రిభుజాల సంఖ్య పెట్టమనండి. ఏఐ రాసిన స్క్రిప్టులో వచ్చే తప్పు వేరు: లేని పేర్లను ఉన్నట్టే రాస్తుంది. యూరో ట్రక్‌లో అయితే ఆట రాసుకునే లాగ్ ఫైలులో ‘ఎర్రర్’ వరుసలు కనిపిస్తాయి; మాడ్ వేసి ఒకసారి నడిపిన లాగ్‌ను జతచేస్తేనే తీసుకోండి. తాను చదివి అర్థం చేసుకోని స్క్రిప్టును పెట్టేవాడు లేబుల్‌లో ఆ మాట కూడా రాయాలి. సోర్సు కోడు లేని, కంప్యూటర్‌లో ప్రోగ్రాములుగా నడిచే డీఎల్ఎల్, ఏఎస్ఐ ఫైళ్లు కొత్తవాళ్ల దగ్గర అసలు వద్దు, ఏఐ అయినా కాకున్నా.

వరదకు ఏఐతో సంబంధం లేని నియమమే పెట్టండి. కొత్తగా చేరినవాళ్ల మొదటి మూడు మాడ్‌లు అడ్మిన్ చూశాకే బయటికి. ఎవరైనా వారానికి రెండు మాడ్‌లే. టెలిగ్రామ్‌లో టాపిక్స్ పెట్టుకుని, బొమ్మ మొత్తం ఏఐదైన లివరీలకు ఒక టాపిక్ విడిగా ఇవ్వండి. కావాల్సినవాళ్లు చూస్తారు, వద్దనుకున్నవాళ్లు దాన్ని మ్యూట్ చేసుకుంటారు. రోజుకు ఆరు పెట్టే అతనికి ‘వారంలో నీకు నచ్చిన రెండు ఏరి పెట్టు’ అని చెప్పు. ఏరడం మొదలుపెడితే నాసిరకం పని అతని కంటికే కనిపిస్తుంది.

ఇక ఫిర్యాదు వస్తే నడిపే పద్ధతి. గ్రూపులో చర్చ వద్దు, అడ్మిన్‌కు విడిగా పంపాలి. ఫిర్యాదు చేసేవాడు ఏం చూశాడో రాయాలి: ఏ అక్షరం, ఏ మూల, ఏ ఫైలు. డిటెక్టర్ స్క్రీన్‌షాట్ ఒక్కటే వస్తే తిప్పి పంపెయ్యండి. అనుమతి లేని గొంతు, అశ్లీలం అయితే ముందు దాచి తర్వాత అడగాలి. మిగతావన్నీ ముందు అడగాలి, 48 గంటలు టైమివ్వాలి, అప్పటిదాకా మాడ్‌ను అలాగే ఉంచాలి. పిల్లలకు పరీక్షలుంటాయి, ఇంకా టైమడిగితే ఇవ్వండి. పని ఫైలును ఇద్దరు అడ్మిన్లు చూడాలి, వాళ్లిద్దరూ ఒప్పుకోకపోతే మాడ్ ఉంటుంది. లేబుల్ తప్పని తేలితే మొదటిసారి లేబుల్ మార్పించడమే శిక్ష. రెండోసారి నెల రోజులు అప్‌లోడ్ బంద్. మూడోసారి అప్‌లోడ్ హక్కు పోతుంది, గ్రూపులో మాత్రం ఉండొచ్చు. తేదీ, మాడ్ పేరు, ఏం చూశారు, ఏం తేల్చారు అని ఒక షీటులో రాసుకోండి. మీ నలుగురిలో ఒకరు మారినా మాట మారకుండా ఉంటుంది.

పాత మాడ్‌లను తవ్వకండి. కొత్త నియమం పెట్టిన రోజునుంచి లెక్క. పాతవాటికి ఎవరైనా తమంతట తాము లేబుల్ చేర్చుకుంటే మంచిదే. ఒక్క గొంతు మాడ్‌లకే పాత, కొత్త తేడా లేదు.

ఆ పల్లెవెలుగు తమ్ముడి సంగతి అన్నిటికంటే ముందు చేయాల్సింది. నింద గ్రూపులో పడింది కాబట్టి సవరణా గ్రూపులోనే పడాలి, విడిగా ‘సారీ బ్రో’ చాలదు. ఇంతే రాయి: ‘ఫలానా రోజు పల్లెవెలుగు లివరీని ఏఐ అని తీసేశాం. అది చేత్తో గీసింది. డిటెక్టర్ మాట నమ్మి మేం తప్పు చేశాం. ఇకమీదట డిటెక్టర్ ఫలితాన్ని ఆధారంగా తీసుకోం.’ నలుగురు అడ్మిన్ల పేర్లూ కింద పెట్టండి, వారం రోజులు పిన్ చేసి ఉంచండి. స్క్రీన్‌షాట్ పెట్టిన అబ్బాయి పేరు అందులో వద్దు, తీసేసింది మీరు కదా. మళ్లీ చేరే లింకు ఆ తమ్ముడికి విడిగా పంపు. లివరీని మాత్రం మీ దగ్గరున్న కాపీ నుంచి నువ్వు మళ్లీ పెట్టకు. పెడతావా అని అతన్నే అడుగు, వద్దంటే వదిలెయ్.